బరాత్ గుర్రానికి కళ్లెం తీసేద్దామనుకుంటున్నా. బిట్‌లెస్ (నోట్లో ఇనుము లేనిది) వాడినవాళ్లు చెప్పండి

గుర్రపుడెక్క | 2 ఫిబ్రవరి, రాత్రి 9:40

నమస్కారమండీ. రెండేళ్లుగా ఇక్కడ చదువుకోవడమే తప్ప రాసింది లేదు. ఇప్పుడు అవసరం పడింది.

మొయినాబాద్ దగ్గర మాకు కాస్త జాగా ఉంది. అక్కడ ఒక ఆడగుర్రం, పేరు చాందినీ. తెల్లది, మార్వాడీ కలిసిన జాతి. అమ్మినాయన తొమ్మిదేళ్లన్నాడు, పళ్లు చూసిన డాక్టరుగారు పదకొండుకి తక్కువ ఉండదన్నారు. పాతబస్తీలో ఏళ్ల తరబడి పెళ్లి బరాత్‌లకు తిరిగింది. బ్యాండు, టపాసులు, జనరేటర్ బండి, వీటిలో దేనికీ బెదరదు. కళ్లేనికి మాత్రం బెదురుతుంది. లగామ్ చేత్తో పట్టుకుని కొట్టంలో అడుగుపెడితే చాలు, మెడ ఒంటెలా పైకెత్తి గోడకి అతుక్కుపోతుంది. నేనూ సైసూ (గుర్రాన్ని చూసుకునే మనిషి) కలిసి తొడగడానికి ఇరవై నిమిషాలు పడుతోంది. ఎక్కాక ఇంకో గొడవ. పగ్గం కాస్త బిగిస్తే నోరు బార్లా తెరిచి, నాలుక పక్కకి వేలాడేసి, ముక్కు ఆకాశానికి పెడుతుంది.

పోయిన వారం నోరు తెరిపించి టార్చి వేసి చూశాం. నాలుక మీద అడ్డంగా ఒక గాడి, నా చిటికెనవేలు పడుకోబెడితే సరిపోయేంత. పెదవుల మూలలు తెల్లగా కాయ కాసి ఉన్నాయి. అమ్మినాయన ఇచ్చిన పాత సామాను గోనెసంచిలో వెతికితే అసలు సంగతి బయటపడింది. ముళ్ల కళ్లెం. కడ్డీకి రెండు పక్కలా తిరిగే బిళ్లలు, బిళ్లల చుట్టూ ముళ్లు. గుప్పిట్లో పెట్టుకుని వేళ్లు ముడిచి చూశాను, గట్టిగా కాదు, ఊరికే. వెంటనే వదిలేశాను.

ఇప్పుడు వాడుతున్నది మధ్యలో కీలు ఉన్న మామూలు స్నాఫిల్ బిట్, అంటే నోట్లో ఉండే ఇనపకడ్డీ. దానికి కూడా ఇదే గోల. నాకు పోటీలు లేవు, పొద్దున్నే గట్ల వెంట గంటసేపు తిరగడమే. నోట్లో ఏమీ లేకుండా ముక్కుపట్టీ మీదే నడిపే బ్రిడిల్‌కి మారుద్దామని ఆలోచన. ఏది కొనాలి? ఎలా మార్చాలి? అన్నిటికంటే ముందు, ఆగుతుందా?

బీచ్‌రోడ్_బంటి | 2 ఫిబ్రవరి, రాత్రి 10:05

అంటే ఎద్దుకి ముకుతాడు వేసినట్టు గుర్రానికీ వేసేస్తారా గురూగారూ? వైజాగ్ బీచిలో మా పోనీలకి ఇది చెప్తే మా నాన్న నాకు వేస్తాడు ముకుతాడు.

గుర్రపుడెక్క | 2 ఫిబ్రవరి, రాత్రి 10:11

ముకుతాడు ముక్కు లోపల్నుంచి పోతుంది కదండీ. ఇది పైనే ఉంటుంది. పశువుకి కట్టే తలతాడులాంటిదే, కాకపోతే తోలుది, పక్కన రింగులుంటాయి, పగ్గాలు వాటికి తగిలిస్తారు.

ఆర్వీసీ_పెన్షనర్ | 3 ఫిబ్రవరి, ఉదయం 5:20

బాబూ, ముందు ఏమీ కొనకు. ఒక పని చెప్తాను, చేసి వచ్చి రాయి.

నేను ఆర్మీలో రిమౌంట్ వెటర్నరీ కోర్‌లో, అంటే సైన్యం గుర్రాలూ జంతువులూ చూసుకునే విభాగంలో పనిచేశాను. మీరట్ సెంటర్లో మొదలుపెట్టి, హిస్సార్ స్టడ్‌లో కొన్నేళ్లు. అక్కడ పిల్ల గుర్రాలకి మొదటి పాఠం హెడ్‌కాలర్ (తలకి కట్టే పట్టీ) మీదే చెబుతాం, బిట్ ఆ తర్వాతెప్పుడో. నోట్లో ఇనుము లేకుండానే ఆగడం, పక్కకి తిరగడం, వెనక్కి నడవడం వాటికి వచ్చేస్తుంది. కాబట్టి "ఆగుతుందా" అని గుర్రాన్ని అడగాల్సిన పని లేదు, దానికి ఎవరైనా నేర్పారా అన్నది నువ్వు కనుక్కోవాలి. బరాత్ గుర్రానికి నేర్పరు. పక్కన ఒకడు తాడు పట్టుకు నడుస్తాడు, పైన పెళ్లికొడుకు బొమ్మలా కూచుంటాడు. నీ చాందినీకి పైనవాడు చెప్పే మాట వినే అలవాటే లేకపోయి ఉండొచ్చు.

రేపు పొద్దున కళ్లెం జోలికి పోకు. హెడ్‌కాలర్, తాడు, అంతే. ఎడమపక్కన నిలబడి తాడు కొంచెం బిగపట్టు. లాగొద్దు, బరువు పెట్టి ఆగు. అది ముక్కు నీ వైపు బెత్తెడు తిప్పిందా, అదే క్షణంలో వదిలెయ్. లెక్క పెట్టుకో, వదలడానికి నీకెంత సేపు పడుతోందో. చాలామంది గుర్రం చెప్పినట్టు చేశాక కూడా రెండు క్షణాలు పట్టుకునే ఉంటారు. అక్కడే చెడేది.

పశువైద్యం_రాజేంద్రనగర్ | 3 ఫిబ్రవరి, ఉదయం 8:30

పెన్షనర్‌గారు చెప్పినదానికి నాదొక మాట. నాలుక మీద గాడి మానిన గాయమే అయినా పళ్లు చూపించకుండా ఏ బ్రిడిల్‌కీ మారకండి. గుర్రానికి పైదవడ వెడల్పు, కిందిదవడ ఇరుకు. నమిలేకొద్దీ పైపళ్ల బయటి అంచులు, కిందిపళ్ల లోపలి అంచులు కత్తుల్లా తయారవుతాయి. పైవి బుగ్గని కోస్తాయి, కిందివి నాలుకని. వాటిని ఆకురాయితో రాకి నున్న చేయాలి. బిట్ తీసేస్తున్నాం, ఇంక నోటితో మనకేం పని అనుకుంటారు చాలామంది. ముక్కుపట్టీ బిగిస్తే బుగ్గ నేరుగా ఆ అంచుల మీద పడుతుంది. కళ్లెం తీశాక కూడా తల విదిలిస్తుంటే సగం సార్లు కారణం ఇదే.

ముందు వరస పళ్లకీ దవడపళ్లకీ మధ్య ఖాళీ చిగురు ఉంటుంది, బిట్ కూచునేది అక్కడే. వేలితో తడిమి చూడండి. అక్కడ గరుగ్గా ఎముక పొడుచుకొచ్చి ఉంటే పాత దెబ్బ చిగురు దాటి ఎముకదాకా పోయిందని అర్థం. దవడపళ్లకి ముందు చిన్న పన్ను, తోడేలు పన్నంటారు, అది ఉందేమో కూడా చూడమనండి.

ఆ ముళ్ల కళ్లెం ఎవరికీ తిరిగి ఇవ్వకండి. 1965 నాటి బరువులు మోసే, బండ్లు లాగే జంతువుల పట్ల క్రూరత్వ నివారణ నియమాల్లోనే ముళ్లున్న బిట్లు నిషేధం. అరవై ఏళ్లవుతోంది, ఇంకా గోనెసంచుల్లో తిరుగుతూనే ఉన్నాయి.

అహింస_ప్రథమం | 3 ఫిబ్రవరి, మధ్యాహ్నం 1:15

ముళ్లదైనా మామూలుదైనా తేడా ఏముంది? నోట్లో ఇనుము పెట్టడమే హింస. పెదవుల మధ్య కడ్డీ పెట్టి లాగితే మనకెలా ఉంటుంది? ఆలోచించాల్సిందేం లేదు, ఈ రోజే తీసేయండి.

మలక్‌పేట_మార్నింగ్ | 3 ఫిబ్రవరి, సాయంత్రం 6:50

అన్నా, ఈ రోజే తీసేస్తే రేపు దవాఖానల కలుద్దాం.

నేను మలక్‌పేట రేస్‌కోర్స్‌ల పదహారేండ్లు పొద్దుగాల గుర్రాలు తోలిన. ఇప్పుడు రేసులకెళ్లి దిగినవాటిని రైడింగ్‌కి తయారు చేస్త. నా మాట కొంచెం చేదుగుంటది. రేస్ గుర్రం బిట్ మీద ఆనుకొని ఉరుకుతది, నువ్వు ఎంత గట్టిగ పడితే అంత గట్టిగ ఆనుకుంటది. గసొంటి దానికి బిట్ తీస్తే కొన్ని ఠక్కున సల్లబడ్తయి, నా కండ్లతోని చూసిన. ఆనుకోనీకె ఏం దొరకదు గదా. కొన్ని మాత్రం ఏం లేదని తెల్సుకొని ఎటు పోతయో దేవునికే ఎరుక. మన దగ్గర రోడ్లున్నయి, లారీలున్నయి, కుక్కలున్నయి. కంచె లోపల ఎన్ని వేషాలన్న వెయ్యి. కంచె దాటినంక చేతిల ఏదో ఒకటి ఉండాలె.

గుర్రపుడెక్క | 3 ఫిబ్రవరి, రాత్రి 8:02

మలక్‌పేట అన్నా, అది బిట్ నోట్లోకే రానివ్వడం లేదు. వచ్చినా ముక్కు ఆకాశానికి ఎత్తాక నా చేతిలో ఉన్నది పగ్గం కాదు, గాలిపటం దారం.

ప్లేనో_పిన్ని | 4 ఫిబ్రవరి, ఉదయం 7:45

హలో అందరికీ. మేము టెక్సాస్‌లో ఉంటాం, మా అమ్మాయి క్వార్టర్ హార్స్‌ల (ఇక్కడి అమెరికన్ జాతి) మీద వెస్టర్న్ రైడింగ్, అంటే కౌబాయ్ తరహా స్వారీ చేస్తుంది. నేను డ్రైవర్‌ని, చెక్కులు రాసేదాన్ని, పేడ ఎత్తేదాన్ని. అలా తెలిసిన సంగతులు ఇవి.

ఇక్కడి పాత కౌబాయ్ పద్ధతి మీరనుకున్నదానికి తలకిందులు. కాలిఫోర్నియా వైపు నుంచి వచ్చింది, అంతకుముందు స్పెయిన్ నుంచి. వాళ్లు బొసాల్‌తో మొదలుపెడతారు. పచ్చితోలు పేనిన గట్టి ముక్కుపట్టీ, గడ్డం కింద ముడి, గుర్రపు వెంట్రుకలతో పేనిన తాడు పగ్గాలు. గుర్రం కుదురుకున్నాక బొసాల్ ఉండగానే నోట్లో బిట్ కూడా పెట్టి రెండు జతల పగ్గాలతో కొన్నాళ్లు నడుపుతారు. చిట్టచివరికి బిట్ ఒక్కటే మిగులుతుంది. బిట్ లేకపోవడం వాళ్లకి పిల్లబడి, బిట్ అంటే డిగ్రీ. ఇప్పటికీ ఇక్కడి క్వార్టర్ హార్స్ పోటీల్లో ఐదేళ్లు, అంతకు లోపు వయసున్నవాటిని బొసాల్‌తో చూపించొచ్చు. మీరు డిగ్రీ కాగితం చించేసి పిల్లబడికి పంపిస్తున్నారు. తప్పని కాదు, ఎన్నాళ్లు పడుతుందో ఆ లెక్కన చూసుకోండి అంటున్నా.

"బిట్‌లెస్" అని రాసి ఉన్నదల్లా మెత్తనిది అనుకోకండి. నేను ఆ పొరపాటు చేశాను. అమ్మాయి పుట్టినరోజుకి మెకానికల్ హ్యాకమోర్ కొనుక్కొచ్చాను. రెండు పక్కలా పొడుగాటి ఇనపకాడలు, గడ్డం కింద గొలుసు. మా ట్రైనర్ దాన్ని నా మోచేతికి తగిలించి చిటికెనవేలితో లాగింది. అమ్మో! మీటలాగా పనిచేస్తుంది, కాడ ఎంత పొడుగైతే అంత దెబ్బ. పైన ముక్కు ఎముక, కింద గొలుసు, మధ్యలో తల. అడకత్తెరలో పోకచెక్క.

చాందినీకి సైడ్‌పుల్ సరిపోతుందనిపిస్తోంది. ముక్కుపట్టీకి రెండు పక్కలా రింగులు, అంతే. కుడి పగ్గం లాగితే ముక్కు కుడికి వస్తుంది, మీట లేదు, మాయ లేదు. క్రాస్-అండర్ అని ఇంకోటి ఉంది, టఫ్ట్స్ యూనివర్సిటీలో పశువైద్య ప్రొఫెసర్‌గా చేసిన రాబర్ట్ కుక్ దాన్ని బాగా ప్రచారంలోకి తెచ్చారు. పట్టీలు గడ్డం కింద కత్తెరలా దాటి అవతలి రింగుకి వెళ్తాయి. కుడి పగ్గం లాగితే ఎడమ బుగ్గని తోస్తుంది. మా అమ్మాయికి నచ్చింది, నాకు నచ్చలేదు. చెయ్యి వదిలేశాక కూడా పట్టీ పట్టీకి ఒరుసుకుని వదులు కావడానికి కాస్త ఆలస్యం అవుతుంది.

ఆర్వీసీ_పెన్షనర్ | 4 ఫిబ్రవరి, ఉదయం 9:10

ఆ ఆలస్యమే నేను నిన్న చెప్పింది. అమ్మగారు పట్టీలో పట్టుకున్నారు, నేను చేతిలో వెతికాను.

అహింస_ప్రథమంగారూ, మీ బాధ అర్థమైంది. నా సర్వీసులో బొటనవేలూ చూపుడువేలూ మధ్య పగ్గం పట్టుకుని, స్నాఫిల్ మీద గుర్రానికి లాలిపాట పాడినట్టు నడిపినవాళ్లని చూశాను. ఉత్త తాడు హాల్టర్‌తో ముక్కు మీద తోలు లేపేసినవాళ్లనీ చూశాను. సన్నతాడు ఇనుము కంటే మెత్తనిదని ఎవరన్నా అంటే ఆ తాడుతో బావిలోంచి నాలుగు బిందెలు తోడి రమ్మంటాను.

అహింస_ప్రథమం | 4 ఫిబ్రవరి, ఉదయం 11:30

సరే, ఈ రోజే తీసేయమన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. మిగతాది తీసుకోను. ఉత్తర ఆఫ్రికాలోని నుమిడియా రౌతులు కళ్లెమే లేకుండా యుద్ధాలు చేశారని రోమన్ చరిత్రకారులే రాశారు.

బీచ్‌రోడ్_బంటి | 4 ఫిబ్రవరి, ఉదయం 11:34

వాళ్లకి మొయినాబాద్ రోడ్డు లేదు కదా సార్.

గుర్రపుడెక్క | 19 ఫిబ్రవరి, రాత్రి 9:15

రెండు వారాల సంగతులు.

పళ్లు రాకించాం. పైన రెండు పక్కలా బుగ్గ లోపల పాత కోతలు ఉన్నాయట. చిగురు మీద ఎముక గరుకు ఎడమపక్క తగిలింది. రాజేంద్రనగర్ డాక్టరుగారికి థాంక్స్, మీరు చెప్పకపోతే ఈ చూపించడం జరిగేది కాదు.

తాడు పాఠం పది రోజులు చేశాను. మొదటి రోజు నేను బరువు పెడితే అది నాకు ఎదురు బరువు పెట్టింది. ఇద్దరం స్తంభాల్లా పది నిమిషాలు నిలబడ్డాం. సైసు పక్కన నిలబడి నవ్వడం. నాలుగో రోజుకి వేలు బిగిస్తే ముక్కు వచ్చేస్తోంది. వెనక్కి నడవడం ఎనిమిదో రోజుకి. ఫోన్లో వీడియో తీసుకుని చూస్తే పెన్షనర్‌గారు అన్నది నిజమే, అది తిప్పాక కూడా నా చెయ్యి పట్టుకునే ఉంటోంది. "వదులు, వదులు" అని పైకి అనుకుంటూ చేస్తేగానీ రావడం లేదు.

సైడ్‌పుల్ కొనలేదు, కుట్టించాను. కాన్పూర్‌లో తయారై ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి కానీ అవన్నీ పెద్ద తలలకి. దీనిది సన్నటి మూతి. చేవెళ్లలో చెప్పులు కుట్టే తాత ఒకాయన ఉన్నాడు. పాత హెడ్‌కాలర్ ఇచ్చి ముక్కు చుట్టు కొలత చెప్పాను. లోపలివైపు జీను కింద వేసే నమ్దా ముక్క వేసి కుట్టాడు. ఇచ్చేటప్పుడు దారం ముడిని వేలితో తడిమి, "ఇది దానికి గుచ్చుకుంటది" అని ఊడదీసి ముడి బయటివైపుకి వచ్చేలా మళ్లీ కుట్టాడు. నేను అడగలేదు.

తొడగడానికి మూడు నిమిషాలు పట్టింది. ఫోటో పెడుతున్నా. సరిగ్గా ఉందా?

పశువైద్యం_రాజేంద్రనగర్ | 19 ఫిబ్రవరి, రాత్రి 10:20

కిందకి ఉంది. బాగా కిందకి. రేపు ఎక్కకముందే మార్చండి.

కంటి కిందనుంచి బుగ్గ మీద గట్టి గీతలాగా ఒక ఎముక తగులుతుంది. అది ఎక్కడ ఆగిపోతుందో అక్కడనుంచి రెండు వేళ్లు కిందకి, పట్టీ అక్కడ ఉండాలి. ఇప్పుడు ముక్కు మీద మధ్యగా వేలు పైనుంచి కిందకి జార్చండి. ఎముక సన్నబడుతూ మొనదేలి ఆగిపోతుంది, తర్వాత మెత్తన. మీ పట్టీ ఫోటోలో ఆ మొన మీదే ఉంది. పెన్సిల్ మొనలాంటిది అది, గట్టిగా లాగితే విరగొచ్చు. ఇంకా కిందకి జారితే ఊపిరికే అడ్డం. గుర్రం నోటితో ఊపిరి పీల్చలేదు, దానికున్న దారి ముక్కొక్కటే.

ముక్కు ఎముకకీ పట్టీకీ మధ్య రెండు వేళ్లు దూరాలి. ముక్కు అంటే కర్ర కాదు, పల్చటి చర్మం కింద ఎముక, నరాలు. బిట్ తీసేసి నొప్పిని నోట్లోంచి ముక్కు మీదకి బదిలీ చేశామంటే ఏం లాభం?

గుర్రపుడెక్క | 20 ఫిబ్రవరి, ఉదయం 6:40

చెంపపట్టీ రెండు రంధ్రాలు పైకి. ఇప్పుడు ఎముక మీద ఉంది. మొన చేతికి తగిలింది, ఒళ్లు జలదరించింది.

గుర్రపుడెక్క | 8 మార్చి, రాత్రి 7:30

నిన్న పడ్డాను.

కంచె లోపల పదిహేను రోజులు చక్కగా నడిచింది. నడక, ట్రాట్ (చిన్న పరుగు), ఆగడం. మెడ దించింది, నోరు మూసుకుని నడిచింది. ఇంక మనకి తిరుగులేదనుకుని నిన్న పొద్దున గండిపేట వైపు మట్టిదారిలో తీసుకెళ్లాను. మొక్కజొన్న చేనులోంచి నెమలి ఒకటి బుర్రున లేచింది. బ్యాండు మేళానికి బెదరని గుర్రం నెమలికి బెదిరింది! నేను రెండు పగ్గాలూ కలిపి నా శక్తికొద్దీ లాగాను. ముక్కుపట్టీ గిర్రున పక్కకి తిరిగి చెంపపట్టీ దాని కంటి మీదకి వచ్చింది. అది ఇంకా భయపడి దౌడు. మలుపు దగ్గర అది ఎడమకి, నేను నేరుగా, కోసేసిన పత్తి కట్టెల్లోకి. మోచెయ్యి గీసుకుపోయింది, ఇంకేం కాలేదు. లేచి చూస్తే అది రెండు వందల గజాల అవతల వేపచెట్టు కింద గడ్డి మేస్తోంది.

టెన్షన్‌గా ఉంది. మళ్లీ బిట్ పెట్టాలా?

మలక్‌పేట_మార్నింగ్ | 8 మార్చి, రాత్రి 7:48

చెప్పిన గదా అని అననీకె బుద్ధైతలేదు గని, చెప్పిన గదా.

సరే, తిట్లు అయిపోయినయి. మెడకు ఒక తోలుపట్టీ కట్టు, వదులుగ. ఏదన్న అయితే దాన్ని పట్టుకో, పగ్గాల మీద ఊగులాడకు. పిల్లలకు నేర్పేటప్పుడు మేం గట్లనే కడ్తం. నీ బరువు దాని మొకం మీద పడది.

పశువైద్యం_రాజేంద్రనగర్ | 8 మార్చి, రాత్రి 8:05

టీటీ ఇంజెక్షన్ వేయించుకున్నారా? ముందు ఆ పని. గుర్రం కాళ్లూ కళ్లూ చూడండి, పత్తి కట్టె గుచ్చుకుంటే పైకి కనపడదు. దానికి ధనుర్వాతం టీకా ఎప్పుడు వేశారో తెలియకపోతే వేయించండి. గుర్రాలకి ఆ జబ్బు త్వరగా పట్టుకుంటుంది.

ఆర్వీసీ_పెన్షనర్ | 9 మార్చి, ఉదయం 5:05

మూడు సంగతులు జరిగాయి, నువ్వు ఒకటే చూస్తున్నావు.

పట్టీ తిరగడం సామాను తప్పు. గడ్డం కింద ఇంకో పట్టీ, దవడ గుండ్రం మీదుగా పోయేది, కుట్టించు. అది లేకపోతే ఏ సైడ్‌పుల్ అయినా తిరుగుతుంది. కంటి మీదకి తోలు వస్తే ఎంత మంచి గుర్రమైనా పరిగెడుతుంది. నెమలికి ఒక అంగ, ఆ తోలుకి పది అంగలు.

రెండోది, రెండు పగ్గాలూ కలిపి లాగావు. అలా లాగితే గుర్రం ఆనుకోడానికి నువ్వే గోడ కట్టి ఇచ్చినట్టు. దాని మెడతో నీ చేతులకి పందెం, ఎవరు గెలుస్తారు? నోట్లో బిట్ ఉన్నా జరిగేది అదే. స్నాఫిల్ ఉండగా ముక్కు ఆకాశానికి పెట్టేదన్నావు, అప్పుడు నెమలి వచ్చి ఉంటే ఆగేదా? గుండె మీద చెయ్యేసుకుని చెప్పు. ఒక పగ్గం పట్టు. ఒక్కటే. మెడ పక్కకి తిరిగితే నడుము తిరుగుతుంది, వెనక కాళ్లు ఒకదాని ముందునుంచి ఒకటి అడ్డంగా దాటతాయి, దాంతో ముందుకి తోసే బలం పోతుంది. దౌడులో, ఇరుకు దారిలో మొదటిసారి ప్రయత్నిస్తే గుర్రమూ నువ్వూ కలిసి బోర్లాపడతారు. నడకలో నేర్పాలి, కంచె లోపల, రోజుకి రెండు పక్కలా ఇరవై సార్లు, విసుగొచ్చేదాకా. నీకు విసుగొచ్చాక ఇంకో వారం.

మూడోది, పదిహేను రోజులకే బయటికెళ్లావు. దానికి బరాత్‌లో పక్కన మనిషి ఉండేవాడు. మొదటిసారి ఒంటరిగా బయటికి వచ్చింది. బ్యాండుకి బెదరకపోవడం ధైర్యం అనుకున్నావు, అది అలవాటు. నెమలి దాని అలవాటులో లేదు. సైసుని తాడు పట్టుకుని పక్కన నడవమను, తర్వాత పది అడుగుల దూరంలో, తర్వాత వెనకాల.

బిట్ మళ్లీ పెట్టాలా అంటావా, నోరు మానిన గుర్రానికి, చెయ్యి కుదిరినవాడు, మంచి బిట్ పెడితే నాకు అభ్యంతరం లేదు. నీకు ఇంకా మూడింట్లో ఒకటి కూడా లేదు.

ప్లేనో_పిన్ని | 9 మార్చి, ఉదయం 8:20

పెన్షనర్‌గారూ, ఆ చివరి లైను ఫ్రేము కట్టించి మా కొట్టంలో పెట్టుకుంటాను. మా ట్రైనర్‌కి చదివి వినిపించాను, ఇంగ్లీషులో సగమే వచ్చింది, అయినా నవ్వింది.

జీను_జిందగీ | 11 మార్చి, మధ్యాహ్నం 3:00

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. మా క్లబ్బులో బిట్‌లెస్ అంటే ఒప్పుకోవడం లేదు, "రూల్సులో లేదు" అంటున్నారు. నిజమేనా?

ప్లేనో_పిన్ని | 11 మార్చి, రాత్రి 8:40

ఆటని బట్టి. ఎఫ్‌ఈఐ (అంతర్జాతీయ గుర్రపు పోటీల సంస్థ) నిబంధనల్లో డ్రెసాజ్‌కి (గుర్రం చేత నేర్పుగా నడకలు చేయించే పోటీ) బిట్ తప్పనిసరి. జంపింగ్‌లో హ్యాకమోర్ పెట్టుకోవచ్చు, పెద్ద పెద్ద పోటీల్లో కూడా కనిపిస్తాయి. క్లబ్బు గుర్రం, క్లబ్బు బాధ్యత అయినప్పుడు వాళ్లు వద్దంటే వద్దు, దానికి రూలు బుక్కు అక్కర్లేదు. వాళ్ల కంచె లోపల, వాళ్ల ఇన్‌స్ట్రక్టర్ ముందు ఒకసారి నడిపి చూపిస్తానని అడిగి చూడండి.

అహింస_ప్రథమం | 11 మార్చి, రాత్రి 9:10

నోట్లో ఇనుము ఉంటేనే డ్రెసాజ్ అట. ఇంక నేనేం మాట్లాడను.

బీచ్‌రోడ్_బంటి | 11 మార్చి, రాత్రి 9:12

మాట్లాడేశారు కదండీ.

గుర్రపుడెక్క | 26 ఏప్రిల్, రాత్రి 8:50

చాలా రోజులైంది. ఎండలకి పొద్దున ఐదున్నరకే ఎక్కేసి ఏడింటికి దిగిపోతున్నాం.

దవడపట్టీ కుట్టించాను. తాత మళ్లీ డబ్బులు తీసుకోనన్నాడు, "నాడే అడిగి ఉండాల్సింది, నా తప్పు" అన్నాడు. ఆయన తప్పేముంది, కొలతలిచ్చింది నేను. పట్టీ ఇప్పుడు తిరగడం లేదు.

ఒంటి పగ్గం పాఠం ఐదు వారాలు. మొదట్లో ముక్కు నా మోకాలి దాకా తెచ్చేది కానీ వెనక కాళ్లు కదిపేది కాదు, మెడ మాత్రం రబ్బరులా సాగేది. పెన్షనర్‌గారు ఫోనులో చెప్పారు, మెడ ఎంత వచ్చిందని చూడొద్దు, కాళ్లు దాటాయా అని సైసుని చూడమనమని. సైసు "దాటింది" అంటేనే వదిలేవాణ్ని. పదో రోజుకి వాడు చెప్పకముందే నడుము కింద తెలిసిపోతోంది.

ఏప్రిల్ మొదటి వారంలో సైసు పక్కన నడవగా బయటికి వెళ్లాం. తర్వాత వాడు సైకిల్ మీద వెనకాల. అదే మలుపు, అదే చేను, మొక్కజొన్న కోసేశారు. నెమలి లేదు కానీ అడ్డంగా ఒక కుక్క వచ్చింది. చాందినీ పక్కకి గెంతింది, నేను ఎడమ పగ్గం ఒక్కటే అందుకున్నాను, ఒక చుట్టు చుట్టి నిలబడింది. నా రెండో చెయ్యి మలక్‌పేట అన్న చెప్పిన మెడపట్టీ మీద ఉంది, ఎప్పుడు వేశానో నాకే తెలియదు.

ఇంకో సంగతి. మెడ దించి నడవడం అలవాటయ్యాక దాని నడక మారింది. ట్రాట్‌లో జీను మీద కుదిపేసేది కదా, ఇప్పుడు మధ్యమధ్యలో కుదుపు లేకుండా జారిపోతున్నట్టు పోతోంది. సైసు రాజస్థాన్‌వాడు, చూడగానే "రేవాల్! రేవాల్ చాల్!" అని అరిచాడు. మార్వాడీలకి పుట్టుకతో వచ్చే నడకట. వచ్చినప్పుడు వస్తోంది, నేను అడిగితే రావడం లేదు.

సమస్య ఒకటి ఉంది. ముక్కు మీద పట్టీ అంచు దగ్గర వెంట్రుకలు ఊడి రూపాయి బిళ్లంత నున్నగా అయింది. గాయం లేదు.

పశువైద్యం_రాజేంద్రనగర్ | 26 ఏప్రిల్, రాత్రి 9:30

నమ్దా చెమట పీల్చి, ఎండి, ఉప్పు పట్టి గరుకైపోయి ఉంటుంది. చేత్తో రుద్ది చూడండి. రోజూ దిగగానే నీళ్లతో కడిగి నీడలో ఆరేయండి, రెండు నమ్దాలు ఉంచుకుని మార్చి మార్చి వాడండి. వారం పాటు ఎక్కడం మానేసి వెంట్రుక తిరిగి మొలుస్తోందేమో చూడండి. తెల్లగుర్రం కాబట్టి కింద చర్మం రంగు కూడా గమనించండి, గులాబీ రంగు చర్మమైతే ఎండకి కాలుతుంది.

గుర్రపుడెక్క | 27 ఏప్రిల్, ఉదయం 6:15

రుద్ది చూశాను, ఉప్పు కాగితంలా ఉంది. సిగ్గేసింది. చర్మం నల్లదే.

మలక్‌పేట_మార్నింగ్ | 27 ఏప్రిల్, ఉదయం 10:00

తమ్మీ, మొన్న రేసులకెళ్లి దిగిన ఒక గుర్రానికి నీ లెక్కనే సైడ్‌పుల్ వేసిన. కంచె లోపల. మంచిగనే ఉంది. ఇంకెవ్వరికి చెప్పకు.

బీచ్‌రోడ్_బంటి | 28 ఏప్రిల్, రాత్రి 10:25

గురూగారూ, జోకు కాదు, నిజంగానే అడుగుతున్నా. మా దగ్గర ఒక పోనీకి పెదవి మూల ఎప్పుడూ పుండే. సీజన్లో పిల్లల్ని ఎక్కించి తాడు పట్టుకు నడిపించడమే దాని పని, పగ్గం పట్టేవాడే ఉండడు. మరి నోట్లో ఆ ఇనుము ఎందుకని నాన్నని అడిగితే "ఎప్పట్నుంచో ఉంది" అన్నాడు. తాత కుట్టిన పట్టీ కొలతలు పెడతారా? ఇక్కడ పూర్ణామార్కెట్ దగ్గర కుట్టేవాళ్లున్నారు.

గుర్రపుడెక్క | 28 ఏప్రిల్, రాత్రి 10:50

రాసుకోండి. ముక్కు చుట్టు 23 అంగుళాలు, రంధ్రాలు అటు రెండు ఇటు రెండు. పట్టీ వెడల్పు అంగుళంన్నర, అంతకంటే సన్నం వద్దు. రింగులు గడ్డం వైపు కాదు, బుగ్గ మధ్యకి రావాలి. దవడపట్టీ విడిగా. దారం ముడులు బయటికి. కుట్టేవాడికి ఈ చివరిది రెండుసార్లు చెప్పండి.

బీచ్‌రోడ్_బంటి | 28 ఏప్రిల్, రాత్రి 11:02

దారంతో కొలిచాను, నిద్రపోతుంటే లేపేశానని కరవబోయింది. మాది 18. ముడులు బయటికి, రాసుకున్నాను.